అంజూర చెట్టును పడుకోబెట్టిన వీధి

నవంబర్ మొదటి వారం. పలుచని నూలు గౌను వేసుకుని, పెరట్లో నిచ్చెన మెట్టు మీద నిలబడి అస్సుంత అంజూర పండ్లు కోస్తోంది. సరిగ్గా ఎనిమిది గంటలకు, నగరానికంతటికీ వాతావరణం చెప్పే పందిరివాణి గొంతు సవరించుకుంది.

"ఈ రోజు ఇరవై నాలుగు డిగ్రీలు. పిల్లగాలి."

ఇరవై రెండేళ్ళుగా టొరంటో నగరం ఈ ఒక్క ముక్క వింటూనే పళ్ళు తోముకుంటోంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అస్సుంత కూడా ఇంకో పండు కోసి బుట్టలో వేసింది. కానీ వాణి అక్కడితో ఆగలేదు.

"డిసెంబర్ పదిహేను నుంచి ఏప్రిల్ పది వరకు ఋతుపందిరి ఉండదు. పాత పొర తీసి కొత్తది వేస్తాం. ఆ నాలుగు నెలలూ బయట సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ వరకు చలి ఉంటుంది. ఇళ్ళలో వెచ్చదనానికి లోటు రాదు. పౌరులు ఆందోళన పడవద్దు."

పడవద్దని అంత గట్టిగా చెప్పాక పడకుండా ఎవరుంటారు? డెబ్బై ఆరేళ్ళ అస్సుంత నిచ్చెన దిగి, చెట్టు మొదట్లో చతికిలబడింది.

ఋతుపందిరి అంటే నగరం మొత్తం మీద పరిచిన పారదర్శకమైన పొర. పగటి ఎండలోని వేడిని పీల్చుకుని రాత్రి విడిచిపెడుతుంది. మంచును పైనే కరిగించి ఆ నీళ్ళను గొట్టాల్లోకి పంపుతుంది. అది వచ్చాక జనం కోట్లు పారేశారు, బూట్లు పారేశారు, మంచు ఎత్తిపోసే పారలను పాత ఇనుముకి వేశారు. కారు మంచులో కూరుకుపోయింది, కాస్త తోసిపెట్టండి అంటూ పొరుగింటి తలుపు తట్టే పని తప్పింది. దాంతో పొరుగింటివాళ్ళ పేర్లతో కూడా పని లేకపోయింది. పందిరి వేసిన ఇంజనీర్లు గాలిని, నీటిని, రోగాలను అన్నిటినీ లెక్కలోకి తీసుకున్నారు గానీ, పాపం, ఇది వాళ్ళకు తట్టలేదు.

ఆ అంజూర చెట్టును తెచ్చింది అస్సుంత ముత్తాత రొకో. నూట యాభై ఏళ్ళ కిందట ఇటలీ దక్షిణాన, కలాబ్రియా కొండల్లోని ఊరు విడిచి ఓడెక్కినప్పుడు, జానెడు కొమ్మను తడిగుడ్డలో చుట్టి పెట్టెలో చొక్కాల మధ్య దాచి తెచ్చాడు. ఈ నగరం కింద రైలు సొరంగాలు తవ్విన కూలీల్లో ఆయనొకడు. అప్పట్లో ఈ వీధిలో పద్దెనిమిది ఇళ్ళు ఆ ఒక్క ఊరివాళ్ళవే. అంజూరం ఎండల దేశపు చెట్టు, ఇక్కడి చలికి తట్టుకోలేదు. అందుకని వాళ్ళు ఏటా చలికాలం ముందు చెట్టుకు ఒక పక్క వేళ్ళు కోసి, మెల్లగా రెండో పక్కకు ఒరిగించి, గోతిలో పడుకోబెట్టి మట్టి కప్పేవాళ్ళు. వసంతంలో తవ్వి లేపి నిలబెట్టేవాళ్ళు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కనుక వీధిలోని మగవాళ్ళంతా ఇంటింటికీ తిరిగి చేసేవాళ్ళు.

తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి. మొదట ఆ ఊరి మాట పోయింది. తర్వాత పాటలు, ఆ తర్వాత చర్చి. పద్దెనిమిది ఇళ్ళలో ఇప్పుడు మిగిలింది అస్సుంత ఇల్లొక్కటే. ఇటాలియన్‌లో ఆమెకు వచ్చినవి కొన్ని వంటల పేర్లు, నాలుగు తిట్లు. ఫలానావాళ్ళ మనిషినని చెప్పుకోవడానికి ఈ చెట్టు తప్ప ఇంకేమీ లేదు. ఇది కూడా పోతే తాను ఎవరికీ ఏమీ కానిదాన్నైపోతానని ఆమెకు భయం వేసింది.

సాయంత్రం మనవరాలు మీరెల్లా వచ్చింది. ఆ పిల్ల పందిరి కేంద్రంలోనే ఇంజనీరు. అమ్మమ్మను వాళ్ళ పద్ధతిలో నోన్నా అని పిలుస్తుంది.

"నోన్నా, దీనికి బీజముద్ర తీయిస్తాను. చెట్టు గుణాలన్నీ భద్రం చేస్తారు. వసంతంలో అచ్చం ఇలాంటిదే మొలిపించి ఇస్తారు. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"మరి ఇది?"

"ఇది... పోతుంది."

"ఐతే నాకూ ఒక బీజముద్ర తీయించవే. వసంతంలో కొత్త నోన్నాని మొలిపించుకుందువు గాని."

మీరెల్లా నవ్వబోయి, ముసలామె మొహం చూసి ఆగిపోయింది.

"పడుకోబెడదాం," అంది అస్సుంత.

"నీకు వచ్చా?"

"రాకపోవడమేంటి? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా."

చూసిన మాట నిజమే, కానీ వంటింటి కిటికీలోంచి. గోతి పని మగవాళ్ళది. ఆ రోజు ఆడవాళ్ళు వంటింట్లో పెద్ద బాణలి నిండా క్యాప్సికం, బంగాళాదుంపల వేపుడు చేసేవాళ్ళు. ఎలా చేస్తున్నావు నాన్నా అని ఆమె ఎన్నడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. పందిరి వచ్చిన మరుసటి ఏడాదే ఆయన పోయాడు.

కనీసం పది మంది కావాలి. మర్నాడు అస్సుంత గుండె దిటవు చేసుకుని తలుపులు తట్టడం మొదలుపెట్టింది. మొదటి ఇంటావిడ ఏదో ప్రమాదం జరిగిందనుకుని కంగారు పడింది. రెండో ఇంటాయన, చెట్టును పాతిపెట్టాలి అనగానే, ఈమెకు ఎండదెబ్బ తగిలిందేమోనని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. మూడో ఇల్లు వైదేహిది. ఆమె తాతలు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళు. ఇద్దరి పెరళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. అయినా పదేళ్ళుగా చూసి నవ్వుకోవడం తప్ప మాటల్లేవు.

"చెట్టుని పడుకోబెడతారా!" వైదేహి కళ్ళు పెద్దవి చేసింది. "మరి పైన ఏం కప్పుతారు అమ్మమ్మగారూ?"

"అప్పట్లో ఎండుటాకులు. ఇప్పుడు పందిరి కింద ఆకులెక్కడ రాలుతున్నాయి?"

"ఐతే మా బొంత ఇస్తా. మా నాయనమ్మ పాత చీరలతో కుట్టింది. చలే లేకపోయాక దాన్నెవరు కప్పుకుంటారు? పెట్టెలో పడి మూలుగుతోంది. నాకూ కరివేపాకు చెట్టుందండీ, దాన్ని కుండీలోకి మార్చి లోపల పెట్టుకుంటా. మీది లోపలికి పట్టదుగా." చెప్పులు వేసుకుంటూ, "పదండి, మిగతా ఇళ్ళకి నేనూ వస్తా," అంది.

ఆదివారం నాటికి అస్సుంత కాక పదకొండు మంది పోగయ్యారు. పార అన్నది ఒక్కరింట్లోనూ లేదు. ఒకాయన పిల్లలు ఇసుకలో ఆడుకునే పార పట్టుకొచ్చాడు. ఒకావిడ కేకు పళ్ళెం తెచ్చింది. మీరెల్లా మాత్రం కేంద్రం నుంచి రెండు అసలైన పారలు, ఒక రంపం తెచ్చింది.

"ఇంటి వైపు జాగా తక్కువ, నోన్నా. పెరటి గోడ వైపుకి ఒరిగిద్దాం. ఇంటి వైపు వేళ్ళు కోస్తే సరి," అంది కొలతలు తీసి.

అస్సుంతకు సబబుగానే తోచింది. కొమ్మలు కత్తిరించి తాళ్ళతో కట్టారు. గంటసేపు తవ్వితే ఇంటి వైపు వేళ్ళు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ మనిషి మణికట్టంత లావుంది. మీరెల్లా రంపం పెట్టి ఒక్క లాగు లాగగానే వేరులోంచి తెల్లటి పాలు కారాయి.

"ఆపు!" అని అరిచింది అస్సుంత. "ఇంత లావు వేళ్ళు మా నాన్న ఏటా ఎలా కోశాడు? కోస్తే చెట్టు బతుకుతుందా?"

పదకొండు మందీ ఆమె మొహంలోకి చూశారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"నాకు తెలీదు," అంది కళ్ళనీళ్ళ పర్యంతమై. "నేనెప్పుడూ ఇక్కడ నిలబడలేదు. నన్ను రానీలేదు."

ఇంకేం చేయాలో తోచక వంటింట్లోకి వెళ్ళింది. చేతులు వాటంతటవే బాణలి తీశాయి, క్యాప్సికం కోయడం మొదలుపెట్టాయి. అలవాటు కొద్దీ తలెత్తి కిటికీలోంచి చూసింది.

నాన్న ఉన్న రోజుల్లో ఏటా సరిగ్గా ఈ వేళకు ఆమె చేతిలో కత్తి ఆగిపోయేది. ఎందుకంటే చెట్టు ఒరిగి కిటికీ మీదికి వచ్చేది. చిన్నప్పుడు జడుసుకుని తల్లి చాటుకు పోయేది. కట్టిన కొమ్మల కొసలు కిటికీ అద్దానికి టకటక తగిలేవి. "నా అద్దం పగలగొడతావా ఏంటయ్యా!" అని తల్లి ఏడాదికోసారి అరిచేది. బయట తండ్రి నవ్వేవాడు.

అస్సుంత కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"ఇటు! నా వైపు ఒరిగించండి! కోయాల్సింది గోడ వైపు వేళ్ళు!"

గోడ వైపు తవ్వి చూస్తే వేళ్ళు బొటనవేలంత ఉన్నాయి. ఏళ్ళ తరబడి కోతపడి, ఈ ఇరవై రెండేళ్ళలోనే మళ్ళీ పెరిగిన లేతవేళ్ళు అవి. మీరెల్లా పట్టరాని సంతోషంతో నవ్వేసింది. వాటిని కోసి, ఇంటి వైపు తవ్విన చోటునే గొయ్యిగా పొడిగించారు. అస్సుంత పొయ్యి కట్టేసి బయటికి వచ్చింది. ఎవరు వద్దన్నా వినకుండా గోతిలోకి దిగి, మాను కింద భుజం పెట్టింది. ఒకరు తాడు వదులు చేస్తుంటే, ఒకరు పట్టి ఆపుతుంటే, చెట్టు మెల్లగా ఆమె భుజం మీదుగా గోతిలోకి ఒరిగింది. దాని మీద వైదేహి బొంత పరిచింది. ఆపైన ఎవరిళ్ళ నుంచో వచ్చిన పాత తెరలు, చెక్కలు, మట్టి. తర్వాత అందరూ మట్టి చేతులతోనే బాణలి చుట్టూ నిలబడి వేపుడు ఖాళీ చేశారు.

ఆ చలికాలం అందరి తల ప్రాణం తోకకు తెచ్చింది. మంచు తీయడం ఎవరికీ రాదు. జారి పడినవాళ్ళు పడ్డారు, లేపినవాళ్ళు లేపారు. చేతితొడుగులు ఇంటింటికీ తిరిగాయి. బయటికి వచ్చిన ప్రతివాళ్ళూ అస్సుంత పెరట్లోకి తొంగిచూసి, మంచు కప్పిన ఆ దిబ్బ సంగతి అడిగి వెళ్ళేవాళ్ళు. ఆమెకు మాత్రం నాలుగు నెలలూ ఒకటే గుబులు.

ఏప్రిల్ రెండో ఆదివారం దిబ్బ తవ్వారు. తడిసి ముద్దైన బొంత తీశారు. అస్సుంత వంగి, మాను మీద బెరడును గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది. ఆమె ఆ వేలు ఎత్తి అందరికీ చూపించింది. వైదేహి బావురుమంది. అందరూ కలిసి చెట్టును లేపి నిలబెట్టి, వేళ్ళ చుట్టూ మట్టి తొక్కారు.

అప్పుడు మీరెల్లా కేంద్రం నుంచి వచ్చిన కబురు గట్టిగా చదివింది. "కొత్త పొర అరవై ఏళ్ళు నిలుస్తుందట. ఇక మనకి చలికాలం లేనట్టే!"

చప్పట్లు కొడతారనుకుంది. ఎవరూ కొట్టలేదు. ఎవరి పార కేసి వాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. ఇప్పుడు అందరి దగ్గరా పారలున్నాయి.

"ఐతే అమ్మమ్మగారూ," అంది వైదేహి, "వచ్చే నవంబర్‌లో దీన్ని మళ్ళీ పడుకోబెట్టాలాండీ?"

అవసరం లేదని చెప్పడానికి మీరెల్లా నోరు తెరిచింది. అస్సుంత ఆమె కేసి ఒక్క చూపు చూసింది. ఆ పిల్ల నోరు మూసుకుంది.

"పడుకోబెట్టాల్సిందే," అంది అస్సుంత. "లేకపోతే చెట్టు బతకదు."

అది పచ్చి అబద్ధమని అక్కడున్న పన్నెండు మందికీ తెలుసు. ఒక్కరూ కాదనలేదు. ఏ ఆదివారమో ఇప్పుడే చెప్పేయమని మాత్రం అడిగారు.