ముప్పయ్యో రోజు

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు శ్రీప్రియ చూలైలోని పుట్టింటికి వచ్చేసరికి, తల్లి రాజలక్ష్మి వంటింట్లో ఇడ్లీలు దించుతోంది. తండ్రి వరదయ్య ముందుగదిలో నడుముకు పట్టీ బిగించుకుంటున్నాడు. నలభై ఏళ్లు లేత్ మిషన్ ముందు నిలబడి పనిచేసిన మనిషి. రెండేళ్లుగా హెర్నియాను ఆ పట్టీతోనే నెట్టుకొస్తున్నాడు. ఆపరేషన్ మాటెత్తితే, "ఇప్పుడేం తొందర?" అంటాడు.

"ఏంది పాపా, పని దినం ఈడికొచ్చినావు? ఒళ్లు బాగుండాదా?" అంది రాజలక్ష్మి.

శ్రీప్రియకు తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. ఆ దగ్గర్లోనే హాస్టల్లో ఉంటోంది. భర్త అమరనాథ్ హోసూరులో ఉంటాడు. ఉద్యోగాల వల్లే ఏడాదిగా చెరోచోట ఉంటున్నారని ఇంట్లో వాళ్ల నమ్మకం.

"బాగానే ఉండానమ్మా. మీ ఇద్దరి ఆధార్ కార్డులు కావాల. కంపెనీ ఇన్సూరెన్స్‌లో మీ పేర్లు ఎక్కించాల. ఈరోజే ఆఖరు."

రైల్లో వస్తూ ఆమె అంతవరకే మాటలు సిద్ధం చేసుకుంది.

"మీ అత్తామామల పేర్లు గదా ఉండేది? అమ్మానాయనలైనా, అత్తామామలైనా, ఒక జంటకే ఇస్తారని నువ్వే చెప్పినావే?"

తల్లికి అది గుర్తుంటుందని శ్రీప్రియ అనుకోలేదు. "మార్చుకోవచ్చంటమ్మా" అంది నేల చూస్తూ.

"ఊరికే మార్చరే" అన్నాడు వరదయ్య. "పక్క వర్క్‌షాపు కోటి కొడుకు అడిగితే, పెండ్లో, పురుడో, చావో అయితేనే నడుమ మారుస్తాం, లేకుంటే వచ్చే ఏడే అన్నారంట. మీ అత్తామామలకు ఏమన్నా అయిందా?"

"వాళ్లు బాగుండారు నాయనా."

"మరి?"

ఇక దాచే చోటు లేకపోయింది. "మేం విడిపోయినాం. ఇష్టపడే, ఇద్దరమూ. కోర్టు తీర్పొచ్చి ఈరోజుకి ముప్పై దినాలు. విడాకులైతే ముప్పై దినాల్లోపలే మారుస్తారు, ఈరోజు దాటితే మీ పేర్లు ఎక్కించుకోరు."

రాజలక్ష్మి చేతిలో పళ్లెం గట్టుమీద పెట్టి అక్కడే కూలబడింది. వరదయ్య మొహం కందిపోయింది.

"అంటే నీ కాపురం పోయినందుకు నాకు ఆపరేషనా? నాకొద్దు. కార్డు ఇయ్యను పో."

"నీ ఆపరేషన్ కోసమా నేను విడిపోయింది?" అంది శ్రీప్రియ. "అతను కొట్టలేదు, తిట్టలేదు. రెండేండ్లు ఒకే ఇంట్లో ఉండి, కూరలో ఉప్పు చాల్లేదని కూడా నాతో అనలేదు. నాకు జొరమొచ్చి నాలుగు దినాలు పడుకోనుంటే, తలుపు దగ్గరికేసి ఆఫీసుకు పోయినాడు నాయనా."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పేది? ఎవరు కనపడినా మా అల్లుడు బంగారం అంటివి. నీ నోటినుంచి ఆ మాట తీసేయడం నా చేత కాలేదు."

వరదయ్యకు తన మాటే గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర కూడా అదే మాట అన్నాడు. కూతురికి మంచి పేరు తెస్తున్నాననుకున్నాడే గానీ, ఆమె నోటికి తనే తాళం వేస్తున్నాడని తెలియలేదు.

రాజలక్ష్మి లేచి కూతురి తల భుజానికి ఆనించుకుంది. "ఏడాదంతా ఒక్కదానివే మోసినావే తల్లీ..." ఆ మాటతో శ్రీప్రియ భోరుమంది. చాలాసేపు ఏడ్చింది.

ఆమె తల ఎత్తేసరికి వరదయ్య బీరువా తెరిచి, కార్డులు రెండూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నా పుట్టిన తేదీ సరిగ్గా ఉండాదో లేదో చూడు" అన్నాడు.

కార్డులు ఫోన్లో పంపిన కాసేపటికి ఆఫీసులో ఇన్సూరెన్స్ పనులు చూసే జెబ ఫోన్ చేసింది. కోర్టు తీర్పులో రెండో పేజీ మసగ్గా ఉందట, మళ్లీ పంపమంది. శ్రీప్రియ బ్యాగులోంచి కాగితం తీసి బల్లమీద పరిచింది. మడతలు పడి లేచిపోతోంది. వరదయ్య వచ్చి, ఇనుము పట్టి పట్టి కాయలు కాచిన రెండు చేతులతో ఆ కాగితాన్ని రెండు పక్కలా అదిమి పట్టుకున్నాడు. కూతురి పేరు, అల్లుడి పేరు ఒకసారి చదివాడు. "ఊఁ, ఫోటో తియ్యి" అన్నాడు.

పన్నెండు గంటలకు కబురొచ్చింది. అమ్మానాన్నల పేర్లు ఎక్కాయి. పాత జబ్బులకు కూడా ఇన్సూరెన్స్ ఈరోజు నుంచే వర్తిస్తుంది.

"సరి, సోమవారం డాక్టర్ని చూద్దాం" అన్నాడు వరదయ్య, తనంతట తనే.

మధ్యాహ్నం రాజలక్ష్మి కలిపి పెట్టిన పెరుగన్నం తిని శ్రీప్రియ చాపమీద ఒరిగింది. కళ్లు మూతలు పడుతుంటే ముందుగదిలోంచి తండ్రి గొంతు వినిపించింది. మైలాపూరులో ఉండే పెదనాన్నతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అవునన్నా, పాప అమరనాథ్ నుంచి విడిపోయినాది... లేదు, ఎవరిమీదా తప్పు లేదు... బాగుండాది. తిని పడుకోనుండాది. ఈడే, మా ఇంట్లోనే."

ఇక ఎవరికీ తను చెప్పనక్కర్లేదని శ్రీప్రియకు అర్థమైంది. గోడవైపు తిరిగి, హాయిగా నిద్రపోయింది.