కపాల శకటం

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం.

సూర్యుడు నడినెత్తిన ఉండాల్సిన వేళ గరివిడి మీద కాటుక చీకటి కమ్ముకుంది. సముద్రం వైపు నుంచి లేచిన కారుమేఘాలు ఆకాశాన్ని మింగేశాయి. రాత్రయిందని భ్రమపడిన గుడ్లగూబ ఒకటి కార్ల షెడ్డు దూలం మీద కూర్చుని మూలిగింది... ఆ వెంటనే దిక్కులు దద్దరిల్లేలా ఉరుము.

షెడ్డులో తులసి ఒక్కతే పని చేసుకుంటోంది. ఎదురుగా అమెరికాలో పుట్టిన పాతకాలపు ప్లిమత్ కారు. మూడేళ్ళ కిందట అది తుప్పు కుప్ప. తులసి దాని అడుగు రేకులు కోసి కొత్తవి అతికింది, ఇంజను విప్పి మళ్ళీ కట్టింది, మొదటి నాటి నీలం రంగే వెతికి వేసింది. ఇక వెనక సీటు బిగిస్తే అయిపోతుంది.

ఆ విద్యంతా నేర్పినవాడు మేనమామ ధనరాజు. తండ్రి వేటకెళ్ళి సముద్రంలో పోయాక, తల్లి పైడమ్మ ఎవడో లారీ డ్రైవరుతో లేచిపోయిందట. ధనరాజే చెప్పాడు. నాలుగేళ్ళ పిల్లను తెచ్చుకుని, పెళ్ళి కూడా మానుకుని పెంచాడు. తులసికి తల్లి పేరంటే అసహ్యం, మామంటే ప్రాణం.

ఆ మామ ఈమధ్య చిక్కి శల్యమైపోతున్నాడు. దగ్గితే నెత్తురు పడుతోంది. "ఈ కారు మొదట్లాగ అయిపోతే సాలమ్మా, నా పేణం నిలబడతాది" అనేవాడు.

వెనక సీటు వెనుక ఒక రేకు ఉంది. దాని జోలికి వెళ్ళొద్దని ధనరాజు ఎన్నోసార్లు చెప్పాడు. కానీ ఆ కారు తయారైన రోజున అక్కడ రేకు లేదు. ఎవరో తర్వాత చేత్తో అతికిన వంకర అతుకులు అవి. మొదట్లాగే ఉండాలన్నది మామే కదా అనుకుని, తులసి కటింగ్ మిషను పెట్టి ఆ రేకు కోసేసింది.

గుప్పున చితి పొగ లాంటి వాసన... లోపల ఎర్రగుడ్డ మూట. విప్పితే కపాలం. నుదుటి మీద ఎండిపోయిన సిందూరం, కంటి గుంటల్లో గుచ్చిన ఇనుప సూదులు.

వెనక నుంచి ధనరాజు గొంతు వినిపించింది. "ముట్టుకోవద్దన్నాను కదే."

తలుపు గడియ పడింది. అతను ఏదో గొణుగుతూ కారు చుట్టూ చితాభస్మంతో గీత గీశాడు. తులసి కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి. నోరు మాత్రం ఆడింది.

"ఎవులిది మావా?"

"మీ అమ్మ."

ఉరుము ఆగిపోయింది.

"లారీవోడితో ఎల్లిపోనాదన్నావు..."

"అలా సెప్పకపోతే ఊరంతా ఎతికేద్దురు. అప్పట్లో డాక్టర్లు నాకు ఆర్నెల్లే అన్నారు. సావంటే బయమేసింది తల్లీ. సెల్లిని ఈ కారులోనే బలిచ్చి దాని ఆయుస్సు తీసుకున్నాను. కారు తుప్పుపట్టింది, మంత్రం కట్టు వదిలిపోతన్నాది. ఇప్పుడు కారు బాగైనాది. మళ్ళీ అదే నెత్తురు కావాలి."

"నాకు జొరమొస్తే తెల్లార్లూ కూకునీవోడివి మావా."

"నువ్వు సచ్చిపోతే ఆ నెత్తురికి నాకింకెవులున్నారు?"

ఇరవయ్యేళ్ళ ప్రేమ ఆ ఒక్క మాటతో బూడిదైంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ అవి భయంతో వచ్చినవి కావు.

ధనరాజు కత్తితో ఆమె అరచేయి చీరి, ఆ రక్తధారను కపాలం మీద పట్టాడు. భీకర బీజాక్షరాలు షెడ్డంతా ప్రతిధ్వనించాయి... కానీ ఆ నెత్తురు ఎవరిదో కపాలానికి తెలిసింది. ఇనుప సూదులు ఒక్కొక్కటే వాటంతటవే ఊడి రాలాయి. తులసి తల వెనక్కి వాలింది. జుట్టు విడిపోయింది. ఆమె నోట వేరే గొంతు పలికింది.

"అన్నియ్యా... నన్ను కట్టినావు, పడున్నాను. నా పిల్లని కోస్తావేటి?"

ధనరాజు పరుగెత్తాడు. తాను గీసిన భస్మరేఖే అగ్నిగోడలా లేచి అతన్ని లోపలే ఆపేసింది. "సెల్లీ, వదిలీ... వదిలీవే" అంటూ ఆక్రందించాడు. దొంగిలించిన ఆయుష్షు ఒక్కసారిగా అతన్ని విడిచింది. అప్పటి రోగం ఇరవయ్యేళ్ళ ఆకలితో మీద పడింది. చర్మం ముడుచుకుంది, పళ్ళు రాలాయి, నోట్లోంచి నల్లని రక్తం పొంగింది. కుప్పకూలిన ఆ మాంత్రికుడు మళ్ళీ లేవలేదు.

తులసికి స్పృహ వచ్చేసరికి మంట ఆరిపోయి ఉంది, కాళ్ళూ చేతులూ కదులుతున్నాయి, బయట వాన జోరుగా కురుస్తోంది. కపాలాన్ని చున్నీలో చుట్టి, ఆమె ఆటో ఎక్కి భోగాపురం దాటి సముద్రపు ఒడ్డున ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. తవిటమ్మ చూరు కింద ఎండుచేపలు ఏరుతోంది. లేచిపోయిన కూతురి పేరు ఆ గుమ్మంలో ఎవరూ ఎత్తకూడదని ఆమె కట్టడి.

"అమ్మమ్మా, అమ్మ ఎక్కడికీ ఎల్లిపోనేదు. మావ సంపేసినాడు."

చెప్పాల్సిందంతా చెప్పి, తులసి మూట ఆమె ఒడిలో పెట్టింది. ముసలామె ముడి విప్పి, చూరు నీళ్ళు దోసిట పట్టి, ఆ నుదుటి సిందూరం మెల్లగా కడిగింది.

"నిన్ను నానా మాటలన్నాను కదే పైడీ..."

తులసి ఆమె పక్కన చతికిలబడింది.

"మావ శవం షెడ్డులోనే ఉన్నాది అమ్మమ్మా."

"ఉండనీ" అంది తవిటమ్మ. కూతుర్ని గుండెకు హత్తుకుని, కొంగు కప్పింది.