గంగారం మిరప చుక్కలు

"గంగారం పోనేలేదు మీరు. మీ ఊరు గూడూరుల ఏరిన కాయలకు గంగారం చీటీలు అంటించినరు. అవునా, కాదా?"

మహబూబాబాద్‌లోని ఆ చిన్న మిరప పరిశోధన ఆఫీసులో లెక్కలు చూసే సాహితి అడిగిన ప్రశ్నకి, ఊరూరా తిరిగి నమూనాలు తెచ్చే అమర్ తెల్లమొహం వేశాడు.

"నేనా! వాగు దాటి నడుచుకుంట పోయి తెచ్చిన మేడం."

సాహితి కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. పొడవు, రంగు, కారం, గింజలు... పన్నెండు కొలతలు కలిపి చూస్తే ఒక్కో మొక్క ఒక్కో చుక్కయింది. పోలిక ఉన్న చుక్కలు గుంపులు కట్టాయి. గంగారం చుక్కల్లో ఏడు మాత్రం దర్జాగా పోయి గూడూరు గుంపులో కూర్చున్నాయి.

"కంప్యూటర్ల ఊరి చీటీలు వెయ్యిసార్లు తారుమారు చేసి చూసిన. ఇంత దగ్గరితనం ఒక్కసారి గూడ రాలే. ఊరికే అయ్యింది కాదిది."

"అయితే నా నౌకరి పోతదా?"

"రిపోర్టు రాస్తే పోతది."

అనేసింది గానీ, రిపోర్టు కాగితం పక్కకి నెట్టేసింది. మూడు నెలలుగా అతని బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నది ఎవరు మరి? ఈ పిల్లే!

"రాసే ముందు ఒక్కపారి నాతోని రండ్రి. ఆ ఏడు మొక్కలూ గంగారంల కట్టమ్మ అనే రైతు చేనువే" అన్నాడు అమర్.

మర్నాడు బస్సు కిటికీ మీద వాన జారుతూనే ఉంది. కోపంగా ఉందామనుకున్న సాహితి, గంగారం అడవి వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

చేను గట్టున కట్టమ్మ సంగతంతా విని పకపకా నవ్వింది. "గీ విత్తనం గీ ఊరిది కాదు బిడ్డా. నా పుట్టిల్లు గూడూరు. అత్తగారింటికి వచ్చేనాడు మా అవ్వ కొంగున ముడేసి పంపింది. మా దిక్కు గదే రివాజు."

సాహితి సిగ్గుతో చచ్చిపోయింది. "మాఫ్ చెయ్యండి అమర్. లెక్క నిజమే చెప్పింది, నేనే తప్పు చదివిన."

"విత్తనం ఎక్కడిదని అడుగుడు నాకూ తోచలే మేడం."

కట్టమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, చిటికెడు గింజలు సాహితి చున్నీ అంచున ముడేసింది. "ఏ ఇంటికి పోతవో ఆ ఇంట్ల నారు పోసుకో, బిడ్డా."

తిరుగు బస్సులోనూ వాన వదల్లేదు.

"గూడూరుల... మా పెరట్ల జర జాగ ఉంది" అన్నాడు అమర్, కిటికీకి చెబుతున్నట్టు.

సాహితి అతని వైపు తిరిగింది. "మీ అమ్మ ఏమంటదో?"

"అడిగిన. మూడు నెలలాయె. తోలుకరా అన్నది."

"మరి నన్నెందుకు అడగలే?"

"లెక్క సూడంది మీరు దేన్నీ నమ్మరు గదా!"

సాహితికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చున్నీ ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

గూడూరులో బస్సు ఆగింది. టికెట్లు మహబూబాబాద్ దాకా ఉన్నాయి. ముందు దిగింది సాహితే.