గొట్టంలో చెప్పిన మాట

మా హోటల్‌కి వచ్చేవాళ్ళెవరికీ మేం కనిపించం. వాళ్ళు పైన తెల్లటి దుప్పట్ల మీద హాయిగా పడుకుని, లేచి పోతారు. ఆ దుప్పట్లు మూటలుగా పెద్ద రేకు గొట్టంలో జారి, కింద సెల్లార్‌లో మా ముందు పడతాయి. వాటిని ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మళ్ళీ పైకి పంపడం మా పని. కిటికీ అన్నదే లేని గది అది. బయట ఎండో వానో తెలియాలంటే పైనుంచి వచ్చినవాళ్ళ చెప్పులు చూడాల్సిందే.

పనిచేసే చోటు గురించి నలుగురు చేరి మాట్లాడుకుంటే నచ్చిన సంగతి ఒక్కరూ ఎత్తరు. మేమూ అంతే. ఉక్క, సబ్బు ఘాటు, నడుం నొప్పి... తిట్టుకోవడానికి మాకు ఏ రోజూ కరువు రాలేదు. అందరిలోకీ పెద్ద నోరు వదినది. ఆవిడ ఎవరికి వదినో ఎవరికీ తెలియదు, చేరిన రోజు నుంచీ అందరికీ వదినే. నోరు అలాంటిదేగానీ మనసు వెన్న. ఒకరోజు ఆవిడకి విసుగెత్తి, ఆ గొట్టంలో తల దూర్చి, "ఈ ఉక్కకి ఉడికి చస్తున్నాం, వినబడుతోందా!" అని కేకేసింది. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

"నవ్వుతారేం? మేనేజరు కిందికి రాడు, మనల్ని పైకి రానివ్వడు. పైకి పోవడానికి మన మాటకి ఇదొక్కటే దారి" అంది వదిన.

మర్నాడు మేం వచ్చేసరికి గొట్టంలోంచి చల్లటి గాలి వీస్తోంది.

ఇంకేం, అదో అలవాటైపోయింది. షిఫ్టు దిగేముందు ఎవరి కడుపులో ఏముంటే అది గొట్టంలో కక్కేసి, తేలిగ్గా ఇంటికి పోయేవాళ్ళం. మడత బల్ల దగ్గరున్న కుంటి స్టూలు గురించి నేను చెప్పాను. కొత్త స్టూలు వచ్చింది. సబ్బు ఘాటు గురించి ఎవరో చెప్పారు. ఘాటు పోయింది. "కంపెనీ అంటే ఇలా ఉండాలి, పనివాళ్ళ మాట వినాలి" అని ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాం. నాకు మాత్రం ఒక్క సంగతి మింగుడు పడలేదు. ఆ స్టూలు బాగుందని స్టోర్స్ అబ్బాయితో అంటే, "ఏ స్టూలు? నేను కిందికి ఏమీ పంపలేదే" అన్నాడు.

మా సూపర్‌వైజర్‌కి ఈల వేసి పిలిచే అలవాటు ఉండేది. అందుకే ఆయన మాకు ఈల సారు. ఆ ఈల వింటే ఒళ్ళు మండిపోతోందని ఇస్త్రీ అమ్మాయి గొట్టంలో చెప్పింది. మర్నాడు ఆయన ఈల వెయ్యలేదు. మాట కూడా రాలేదు. నోరు తెరుస్తున్నాడు, గాలి వస్తోంది, అంతే. డాక్టర్లకి అంతు పట్టలేదట. ఆ రోజు నుంచి మాకు ఏం చెప్పాలన్నా చేత్తో సైగలే. ఇస్త్రీ అమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత బాయిలర్ మామయ్య. ఆయనకి దగ్గు. బాయిలర్ పక్కన కూర్చుని పొద్దస్తమానం దగ్గుతూ ఉండేవాడు. ఆ దగ్గుతో తల పగిలిపోతోందని ఎవరో గొట్టంలో చెప్పారు. ఎవరు చెప్పారో ఈ రోజుకీ ఎవరూ ఒప్పుకోరు. మర్నాడు దగ్గు లేదు. మామయ్యా లేడు. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడని పైనుంచి కబురొచ్చింది. ఆయన చెప్పులు మాత్రం బాయిలర్ పక్కనే ఉన్నాయి. చెప్పుల్లేకుండా ఎక్కడికి పోతాడు మనిషి?

అప్పట్నించీ గొట్టంలోంచి వచ్చే గాలి దగ్గుమందు వాసన వేసేది. తియ్యగా, వెగటుగా.

ఇక ఆ గొట్టం జోలికి ఎవరూ వెళ్ళకూడదని అనుకున్నాం. వదిన కూడా నా చేతిలో చెయ్యేసి ఒట్టు వేసింది.

నా చెల్లెలు చిట్టి పనిలో చేరింది ఆ రోజుల్లోనే. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, నేను, అది. అమ్మ మంచం దిగలేదు. ఇద్దరం పనిచేస్తే గానీ గడవదని నేనే దాన్ని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని ఎదురెదురుగా నడవాలి, కొసలు కలపాలి. కలిసిన ప్రతిసారీ చిట్టి ఏదో ఒక చెత్త జోకు వేసి, తనే పకపకా నవ్వేది. దాని నవ్వుకి డ్రయ్యర్ల హోరు కూడా వినబడేది కాదు. ఆ గదిలో నాకు నచ్చేది ఏదైనా ఉందంటే ఆ నవ్వే. ఆ మాట నేనెప్పుడూ పైకి అనలేదు. ఎవరంటారు అలాంటివి?

ఆ రోజు తడి నేల మీద వదిన జారి, బట్టల తోపుడుబండిలో వెల్లకిలా పడింది. కాళ్ళు పైకి, తల కిందికి. చిట్టి ఆపుకోలేక నవ్వింది. వదిన లేచాక కూడా నవ్వింది. షిఫ్టు అయ్యేదాకా గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుతూనే ఉంది. వదిన ముఖం మాడిపోయింది.

దిగే వేళకి ఈల సారు వచ్చి, సాయంత్రం షిఫ్టువాళ్ళు ఇంకా రాలేదు, వచ్చేదాకా ఉండమని చిట్టికి సైగ చేశాడు.

"నువ్వు పదక్కా, అమ్మకి మందు వేళయింది. నేను వెనకాలే వచ్చేస్తా" అంది చిట్టి.

నేను మెట్లెక్కి బయటికి వచ్చాను. చీకటి పడుతోంది. బస్టాపులో వదిన ఒక్కతే నిలబడి ఉంది. ఆవిడ ఎక్కాల్సిన బస్సు ఎదురుగా ఆగి వెళ్ళిపోయినా ఎక్కలేదు. నన్ను చూసి గట్టిగా చెయ్యి పట్టుకుంది.

"నోరు జారానే."

"ఏమైంది వదినా?"

"ఒళ్ళు మండిపోయి... మీరు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు అలవాటున గొట్టంలో తల పెట్టేశాను. ఆ పిల్ల నవ్వు ఇక నేను వినలేను అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. తప్పయింది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా అని కూడా అరిచాను. అప్పుడు లోపల్నించి..."

"లోపల్నించి ఏంటి?"

"ఎవరో దగ్గారు" అంది వదిన.

నేను వెనక్కి పరుగెత్తాను.

మెట్లు దిగుతుంటేనే తేడా తెలిసింది. చప్పుడు లేదు. మా సెల్లార్లో యంత్రాలు ఆగడం నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడు అన్నీ ఆగి ఉన్నాయి. ఎక్కడో నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. చల్లగాలి కాళ్ళకి తగులుతోంది. తడిబట్ట వాసన, దానిమీద దగ్గుమందు వాసన. ముక్కు మూసుకుంటే నోట్లోకి వస్తోంది ఆ తీపి.

మడత బల్ల మీద సగం మడిచిన దుప్పటి. రెండు కొసలు కలిపి ఉన్నాయి. మిగతా రెండూ నేల మీదున్నాయి.

"చిట్టీ..."

బల్ల కిందికి వంగి చూశాను.

"చిట్టీ... ఆటలొద్దే..."

నవ్వు వినిపించింది. పకపకా. దాని నవ్వే. గదిలోంచి కాదు... గొట్టంలోంచి. పైనుంచి. ఇంకా పైనుంచి... ఒక్కో అంతస్తూ ఎక్కుతూ దూరమైపోతోంది.

భయమేసింది. అబద్ధమెందుకు, వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది. కానీ పారిపోయి అమ్మకి ఏం చెప్పను? వెళ్ళి గొట్టంలో తల పెట్టాను. లోపల కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి.

"మా చెల్లిని ఇచ్చెయ్" అన్నాను.

నవ్వు ఇంకాస్త సన్నబడింది.

"ఆవిడ కోపంలో అంది. అది నిజం కాదు..."

ఇంకా సన్నబడింది. ఇక వినబడదేమో అనిపించింది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళూ దీనికి మేం నచ్చనివే చెప్పాం. అది తీసేస్తూ వచ్చింది. నచ్చినది ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు.

"నచ్చేది చెప్తా... విను" అన్నాను.

గాలి ఆగిపోయింది.

"మా చెల్లి. ఇక్కడ నాకు నచ్చేది అదొక్కతే. అది నా పక్కన ఉండాలి."

తర్వాత, నా చెవికి ఆనుకునేంత దగ్గర్లో, ఎవరిదో తెలియని గొంతు మెల్లగా అడిగింది.

"నచ్చుతుందా?"

"నచ్చుతుంది."

పైన ఏదో కదిలింది. జారుతోంది... రేకు దడదడలాడుతోంది... నేను పక్కకి తప్పుకున్నాను. ఒక పెద్ద మూట వచ్చి నా కాళ్ళ ముందు పడింది. గబగబా ముడి విప్పాను. దుప్పట్ల మధ్య చిట్టి ముడుచుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉంది. ఒంటి మీద చిన్న గీరు కూడా లేదు. దాన్ని కావలించుకుని ఏడ్చాను. ఇక జన్మలో ఈ హోటల్ గడప తొక్కేది లేదు, అడుక్కుతిన్నా సరే అనుకున్నాను.

చిట్టి నా చెయ్యి పట్టుకుంది. బస్సులో కూడా వదల్లేదు. చెయ్యి చల్లగా ఉంది. ఏం జరిగిందని అడిగితే చెప్పలేదు. బెదిరిపోయింది పాపం, రేపటికి సర్దుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మా సందు మలుపు తిరిగాక నోరు విప్పింది.

"అక్కా, ఆ కుక్క నీకు నచ్చుతుందా?"

సందు చివరింటి కుక్క రోజూలాగే మమ్మల్ని చూసి మొరుగుతోంది. నా ప్రాణం అసలే అలసిపోయి ఉంది.

"దాన్ని చూస్తేనే చిరాకు. నడు" అన్నాను.

అరుపు మధ్యలో తెగిపోయింది.

నేను వెనక్కి చూడలేదు. చూసే ధైర్యం లేదు. నాలుగడుగులు వేశాక మళ్ళీ అడిగింది.

"ఎదురింటి ఆవిడ?"

నేను పళ్ళు బిగించుకున్నాను.

"చెప్పక్కా... నచ్చుతుందా?"

నా చేతి మీద దాని పట్టు బిగుసుకుంది.

అమ్మ మంచం మీద గోడకి ఆనుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారింది.

"ఇంత ఆలస్యమేంటే? ఇద్దరూ రాకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

చిట్టి అమ్మ వైపు చూసింది. తలుపు దాటిన దగ్గర్నుంచి అమ్మనే చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"అక్కా... నీకు అమ్మ నచ్చుతుందా?"

లేదంటే ఏమవుతుందో సందులో విన్నాను. అవునంటే ఏమవుతుందో నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు కొరికి పట్టాను. రక్తం ఉప్పగా తగిలింది.

"ఇదేం ప్రశ్నే?" అమ్మ నవ్వింది. "దాన్ని ఏడిపించకు."

"చెప్పక్కా."

నేను అమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఏమీ అనొద్దమ్మా... నీకు దణ్ణం పెడతాను... ఏమీ అనొద్దు. అమ్మ నా ముఖం చూసింది. నేను బాగా అలసిపోయాననుకుంది కాబోలు. ఆవిడ కళ్ళు జాలిగా మెత్తబడ్డాయి.

"దానికి చెప్పడం రాదులే. నేనంటే దానికి ప్రాణం" అంది.

చిట్టి నా చెయ్యి వదిలేసింది.

వెళ్ళి మంచం అంచున కూర్చుంది. అమ్మ కాళ్ళ మీది దుప్పటి కొసలు రెండూ పట్టుకుంది. అమ్మ గుండెల దాకా లాగింది. కొసకి కొస సరిగ్గా కలిపింది.

"నాకు చలేం లేదే పిల్లా" అంది అమ్మ నవ్వుతూ.

నేను అరవబోయాను. వద్దు అని అరవాలి. కానీ వద్దు అంటే... అమ్మ వద్దన్నట్టు వింటుందేమో అది.

నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. చిట్టి దుప్పటి ఇంకొంచెం పైకి లాగింది.