ఆమె రిపోర్టులో ఎవరో ఉన్నారు

"నరం దొరకట్లేదండీ."

"మొహంలో వెతికితే ఎలా దొరుకుతుంది? చెయ్యి చూడండి."

మా మొదటి మాటలు ఇవే. పరిచయమో పోట్లాటో నాకిప్పటికీ తెలీదు. ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. నేను ఆసుపత్రి నేలమాళిగలో పొద్దున్నే రక్తం తీసేవాణ్ణి. మా కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళ పాదాలు తప్ప మనుషులు కనపడరు.

పుట్టినప్పుడు ఆమెని అబ్బాయని రాశారట. కాదని తనకి ఎప్పుడో తెలుసు. రెండేళ్ళుగా ఆడ హార్మోన్ వాడుతోంది, మగ హార్మోన్‌ని అణచడానికి ఇంకో మాత్ర. ఏది ఎంతుందో రక్తంలో చూసి డాక్టరమ్మ మోతాదు మారుస్తారు.

మగ హార్మోన్ యాభై దాటకూడదు. నేను తీసిన మొదటిసారి మూడు వందలొచ్చింది. మరుసటి నెల తొమ్మిది వందలు. అదే ట్యూబు మళ్ళీ మిషన్‌లో పెట్టాను. మళ్ళీ తొమ్మిది వందలే.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె మొహంలో కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు. బయట వాన. కిటికీ అవతల ఒక జత బూట్లు చాలాసేపు కదలకుండా నిలబడి, వెళ్ళిపోయాయి.

"ఒక మాట చెప్తాను, నవ్వకూడదు."

"నవ్వితే ఒట్టు."

"వాడు తిరిగొచ్చాడు."

"ఎవరు?"

"నేను కానివాడు. ఇరవై ఏళ్ళు వాడి పేరుతోనే కదా నన్ను పిలిచారు! మాత్ర ఒక్కటీ మానలేదు. ఒంట్లో మార్పేమీ లేదు. కానీ అంకె చెబుతోందిగా! అద్దం ముందు తల దువ్వుకుంటుంటే, వెనక ఎవరో నాకంటే ముందే చెయ్యెత్తినట్టుంటోంది. మా అక్క నన్ను తన గదిలోనే పడుకోబెట్టుకుంటోంది."

ఆమె చేతికి రబ్బరు పట్టీ బిగించాను.

"ఈసారీ ఇలాగే వస్తే అణిచే మాత్ర రెట్టింపు చేస్తారట. ఒక్కదానికే మొన్న షాపులో కళ్ళు తిరిగి పడ్డాను."

రక్తం తీశాను. తొమ్మిది వందల ఇరవై. మా ఇన్‌ఛార్జి మేడమ్‌కి నమ్మకం కుదరక, ఆమెని కూర్చోబెట్టి రెండో చేతిలోంచి ఇంకో ట్యూబు తీశారు. ముప్పై! ఒకటే మనిషి, ఒకటే పొద్దు.

"నేను తీస్తే ముప్పై, నువ్వు తీస్తే తొమ్మిది వందలు. నీ చేతిలో ఏం మహిమ ఉందిరా అబ్బాయ్?" అని నవ్వుతూ వెళ్ళిపోయారు మేడమ్.

నా చెయ్యి చూసుకున్నాను.

నన్ను పుట్టినప్పుడు అమ్మాయని రాశారు. ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే డ్యూటీకి ముందు ఇక్కడి బాత్రూంలోనే గడియ పెట్టుకుని, భుజాలకి మగ హార్మోన్ జెల్ రాసుకుంటాను. ఈ ఆసుపత్రిలో నరపురుగుక్కూడా తెలీదు. రాసుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రోజూ కడుక్కుంటాను, ఆమె వచ్చే రోజు తప్ప! మెట్లమీద ఆమె చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఇంకెవరైనా ముందు పిలుస్తారేమోనని పరుగే. స్పిరిట్ తుడిచాక కూడా, తప్పని తెలిసీ, గ్లౌజు లేని వేలితో నరం తడిమేవాణ్ణి. నరం దొరక్క కాదు.

రెండు కాగితాలూ ఆమె చేతికిచ్చాను.

"చూశారా? ఒకసారి దాక్కున్నాడు, అంతే," అంటూ ఆమె సంచీలోంచి రెండు మాత్రలు తీసింది. "డాక్టరమ్మ చెప్పేదాకా ఆగను. వాణ్ణి బతకనివ్వను."

చెబితే ఉద్యోగం పోవచ్చు. ఆమే దూరం కావచ్చు. చెప్పకపోతే ఆ మాత్రలు గొంతులోకి పోతాయి.

"వేసుకోకండి! వాడు మీలో లేడు. నా వేలిమీద ఉన్నాడు."

అంతా చెప్పేశాను: నా జెల్, కడగని వేలు, ఆమె చర్మానికంటి సూదితోపాటే ట్యూబులోకి పోయిన మందు. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఎన్నేళ్ళు?" అంది చివరికి.

"ఆరు."

"మరి మూడు వందలు తొమ్మిది వందలెలా అయింది?"

"మొదటిసారి డ్యూటీకి ఆలస్యమై, సబ్బు లేకపోయినా కాస్త నీళ్ళైనా పోసుకున్నాను. తర్వాత... మీరొచ్చారంటే అదీ గుర్తుండలేదు."

ఆమె నవ్విందో ఏడ్చిందో గానీ, ఆ రిపోర్టుతోనే నా భుజంమీద ఒకటిచ్చింది.

"రెండు నెలలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను. అదంతా నువ్వా! పద, డాక్టరమ్మకి నువ్వే చెప్పాలి."

"చెప్తాను. నువ్వంటే ఇష్టమని కూడా చెప్పనా?"

"అది ఆవిడకెందుకు?"

మాత్రలు రెండూ మళ్ళీ డబ్బాలో వేసి, అక్కకి ఫోన్ చేసింది. "అక్కా, దయ్యం దొరికింది. లేదే, నిజంగానే! ఎవరా? ఇక్కడే, నా ఎదురుగా నిలబడి వణుకుతున్నాడు."

అవతల అక్క ఏదో అడిగింది. ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది. నా గురించి అంతా తెలిసిన మనిషి అలా చూడటం నాకు అదే మొదలు.

"అబ్బాయే అక్కా," అంది, "మంచి అబ్బాయి."