తాళం తియ్యని పెట్టె

తాండూరు అవతల, కొడంగల్ బాటకు ఓ పక్కగా, పాడుబడ్డ నాపరాళ్ల గని ఒకటి ఉండేది. పగటిపూట గొర్లు కాసేవాళ్లు కూడా అక్కడ కాసేపు కూర్చునేవారు కాదు. చీకటి పడిందా, ఇక చెప్పక్కర్లేదు. లారీవాళ్లు ఆ మలుపు దాటేదాకా హారన్ మీది చెయ్యి తీసేవారు కాదు — మనిషి అడ్డం వస్తాడని కాదు, మనిషి కానిది వస్తుందని!

రాత్రిపూట అక్కడ ఎవరో తవ్వుతారట. ఠంగ్... ఠంగ్... అని గడ్డపార చప్పుడు. ఆగి వింటే ఆగిపోతుంది. నాలుగడుగులు వేస్తే మళ్లీ మొదలు.

"బీరప్ప దయ్యం. లడాయికి పోయి మల్ల రాలే గద... గాడే," అని ఊళ్లో అందరిదీ ఒకే మాట. చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పేవాళ్లు మాత్రం వందమంది.

ఈ సంగతి నాకు చెప్పినవాడు చాంద్‌పాషా. వికారాబాద్ స్టేషన్‌లో, ఎంతకీ రాని ప్యాసింజరు కోసం చూస్తూ, మూడు చాయ్‌ల మధ్య చెప్పాడు. ఫౌజులో హవల్దారుగా చేసి దిగిపోయిన మనిషి. దిగిపోయాకైనా ఊరుకున్నాడా? డెబ్భైఒకటి యుద్ధంలో పోయిన కొడుకు రికార్డు వెతికిపెట్టమని ఎవరొచ్చినా కాదనేవాడు కాదు. ఉత్తరం రాయడం, జవాబు కోసం నెలల తరబడి చూడడం, మళ్లీ రాయడం. "నౌకరీల గూడ గింత అలిసిపోలే భయ్," అనేవాడు.

బీరప్ప తల్లి శంకరమ్మ కోసం నాలుగు ఉత్తరాలు రాశాడు. నాలుగింటికీ ఒకే జవాబు... పేరూ ఊరూ చాలవు, ఫౌజు నంబరు పంపండి.

డెబ్భై ఆరులో, చలికాలం పోతున్న రోజుల్లో, ఇక ఇలా కాదని ఆమె ఇంటికే వెళ్లాడు. శంకరమ్మ గొర్ల దొడ్డి ముందు కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. అరచేతుల నిండా బొబ్బలు.

"కాయితమో, ఉత్తరమో... ఏమన్న ఉన్నదా అక్కా? నంబరు లేకుంటె నేను గూడ ఏం చెయ్యలేను."

"లేదు సాబ్," అందామె, తల ఎత్తకుండా. "ఈ పెత్రామాస గూడ గట్లనే పోతదా?" అంది.

పెత్రామాస నాడు ఇంట్లో చనిపోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. బీరప్ప పేర మాత్రం ఆమె మరుదులు ఇవ్వనివ్వరు. తంతి రాలేదు, శవం రాలేదు, కాబట్టి వాడు యుద్ధం నుంచి పారిపోయి ఎక్కడో బతికే ఉన్నాడని వాళ్ల వాదన. బతికున్నవాడి పేర బియ్యం ఇస్తే ఇంటికి అరిష్టమట.

"నాలుగేండ్ల సంది నా కొడుకు ఉపాసమున్నడు సాబ్."

చాంద్‌పాషా వస్తానని లేచాడు.

రోడ్డు మీద బస్సు కోసం రెండు గంటలు నిలబడ్డాడు. రాలేదు. నడక మొదలుపెట్టాడు. చీకటి బాగా పడింది. అడుగుకో మోకాలి నొప్పి. గని మలుపు దగ్గరికి వచ్చేసరికి —

ఠంగ్...

ఆగాడు. చప్పుడూ ఆగింది.

నాలుగడుగులు వేశాడు.

ఠంగ్... ఠంగ్...

"భయం కాలేదా?" అని అడిగాను.

"ఎందుకు కాదు భయ్? ఉరుకుదామంటె కాళ్లల్ల సత్తువ లేకుండె!"

ఉరకలేక చప్పుడు వైపే నడిచాడు. రాళ్ల కుప్పల సందులో మసక వెలుతురు... గుడ్డ కప్పిన కందిలి. దాని పక్కన వంగిన ఆకారం. చేతిలో గడ్డపార.

"కౌన్?"

ఆకారం లేచి ఇటు తిరిగింది. శంకరమ్మ! పొలాలకు అడ్డంపడి అతనికన్నా ముందే వచ్చింది.

"మెల్లగ సాబ్..." అంది గుసగుసగా. "పూడ్సింది తవ్వుతున్ననని తెలిస్తె కులపోళ్లు నన్ను బతకనియ్యరు."

అప్పుడు బయటపెట్టింది అసలు సంగతి. యుద్ధం అయిన రెండు నెలలకు రైల్లో బీరప్ప పెట్టె ఒక్కటే వచ్చింది. శవం దొరకనివాళ్లకు వాళ్ల బట్టలు పూడ్చడం ఆ ఇంటి ఆచారం. భర్త మల్లప్ప ఆ పెట్టెనే కొడుకనుకున్నాడు. తాళం కూడా తియ్యకుండా తెచ్చి, గని పక్కనున్న తమ చెలకలో పూడ్చాడు. పెట్టె వచ్చినంత మాత్రాన చచ్చినట్టు కాదన్నారు మరుదులు. ఆ ఏడే మల్లప్ప కూడా పోయాడు. తర్వాత, గని మూతపడకముందు, గనివాళ్లు పనికిరాని రాళ్లన్నీ చెలక మీద పోశారు, చోటు ఎక్కడో తెలియకుండా పోయింది. నంబరు కావాలని మొదటి జవాబు వచ్చిన నాటి నుంచి, పెట్టెలో ఏ కాగితమైనా ఉంటుందని, ఆమె రాత్రిళ్లు వెతుకుతూనే ఉంది.

"బియ్యం ఇయ్యనీకి బతికున్నడట. భయపడనీకేమో సచ్చిండట. గిదేం నాయం సాబ్?"

చాంద్‌పాషా ఆమె చేతిలోని గడ్డపార అందుకున్నాడు. ఇద్దరూ ముసలివాళ్లే. తవ్విందానికంటే కూర్చుని ఆయాసం తీర్చుకున్నదే ఎక్కువ. అర్ధరాత్రి దాటాక ఇనుముకు ఇనుము తగిలింది.

నల్ల పెట్టె. శంకరమ్మ కొంగుతో మూత తుడిచింది. తెల్లరంగుతో రాసిన ఇంగ్లీషు అక్షరాలు... ఇంకా చెరిగిపోలేదు.

"పెట్టె మీదనే ఉన్నదక్కా నంబరు! అందరి పెట్టెల మీద రాస్తరు..." అన్నాడు. ఇంట్లో చదవగలిగినవాళ్లు ఒక్కరున్నా ఇంత దూరం వచ్చేది కాదని అతనికి ఏడుపొచ్చింది.

కందిలి దగ్గర పెట్టుకుని చదివాడు. మెల్లగా చదవాలనే అనుకున్నాడు గానీ, ఏళ్ల అలవాటు — పరేడులో హాజరు పిలిచినట్టు గొంతు లేచింది. ఒక్కో అంకే చదివి, చివర —

"సిపాయి బీరప్ప!"

గని లోపలి నుంచి జవాబొచ్చింది.

"హాజర్... సాబ్."

చాంద్‌పాషా చెప్పడం ఆపి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"గని గదా, నీ గొంతే తిరిగొచ్చి ఉంటుంది," అన్నాను. నాకే నమ్మకం కలగలేదు.

"నా గొంతయితె బీరప్ప అనే రావాలె గద భయ్?"

మూడో చాయ్‌కి కేక వేశాను.

శంకరమ్మ అరవలేదట, పరుగెత్తలేదట. "ఉన్నవా కొడకా..." అని మూత మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయిందట. తెల్లవారేలోపు ఇద్దరూ కలిసి మళ్లీ మట్టి కప్పేశారు. తాళం తియ్యలేదు.

ఆ నంబరు రాసి పంపిన ఏడు నెలలకు రికార్డు వచ్చింది. సిపాయి బీరప్ప, డెబ్భైఒకటి డిసెంబరు పదిన, పడమటి సరిహద్దులో పోరాడుతూ ప్రాణం విడిచాడు. పెత్రామాసకు ఇంకా నాలుగు రోజులే. చాంద్‌పాషా దొరికిన బస్సెక్కి ఆమె దగ్గరికి పోయాడు. కాగితం విప్పి, "చదువుతున్న, ఇను అక్కా," అన్నాడు.

శంకరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు సాబ్? వాని నోటనే ఇన్న గద. పోయి నా మరుదులకు సదువు."