నూట పది గ్రాములు

బోర్డు మీద అంకె ఎర్రబడింది. కొర్లపేట ఎయిర్‌పోర్టు లాంజ్‌లో పద్దెనిమిది తలలు ఒక్కసారిగా సింహాద్రమ్మ చేతిలోని ఇడ్లీ ప్లేటు వైపు తిరిగాయి.

"నూట పది గ్రాములు ఎక్కువ," అన్నాడు సూటు వేసుకున్న ఓ ఆసామి, తన కాజాల పెట్టెను కుర్చీ కిందకి నెట్టుకుంటూ. "ఇంటి దగ్గరే తిని రాకూడదూ?"

ఆమె పళ్లు నూరింది. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని బయల్దేరింది. విమానం చూస్తే రెండు గంటలు లేటు. ఇప్పుడు ఏదో ఒకటి తినకపోతే కళ్లు తిరిగి పడిపోతుంది. తమ్ముడు నిన్న పోయాడు. నాలుగింటికి హైదరాబాదులో ఎత్తేస్తారు. ఆఖరిసారి ముఖం చూసుకోవాలంటే ఈ విమానమే దిక్కు.

కొర్లపేటకు వచ్చేవి పందొమ్మిది సీట్ల చిన్న విమానాలు. ఇదివరకు మనిషికింత అని ఉజ్జాయింపుగా లెక్క వేసి, కాస్త బరువుకు చోటు వదిలేసేవారు. ఆరు నెలల క్రితం డాక్టర్ భుజంగరావు అనే శాస్త్రవేత్త క్యాంటీన్ కౌంటర్ కింద తప్ప లాంజ్ నేలంతా బరువు తూచే సెన్సర్లు పరిచాడు. ఏ సీటు మనిషి ఎంత బరువున్నాడో, ఆ బరువు ఎప్పుడు పెరిగిందో ఆ నేలకి ప్రతి క్షణం తెలుసు. మిగిలిన ప్రతి కిలోకూ రొయ్యలు ఎక్కిస్తారు. రొయ్యలు టీ అడగవు కదా. అప్పటి నుంచి లాంజ్‌లో ఒకరి నోటి వంక ఒకరు గుర్రుగా చూసుకోవడమే పని. బాత్రూముకు వెళ్లొచ్చినవాడికి మాత్రం కాస్త మర్యాద దక్కుతోంది.

ఆ భుజంగరావే ఇప్పుడు ఆమె పక్కన కూర్చున్నాడు. ఈ నేల కనిపెట్టినందుకు ఇస్తున్న బహుమతి అందుకోవడానికి అదే విమానంలో వెళ్తున్నాడు.

"ఇప్పుడేటవుతాది బాబూ?"

"రెండు నిమిషాల టైమ్ ఉంటుందమ్మా. ఈలోగా ఎవరైనా బరువు తగ్గిస్తే సరే. లేకపోతే చివరగా బరువు పెరిగినవాళ్ల టికెట్ రద్దవుతుంది."

"అంటే నాదే."

"మీదని కాదు. దానికి పేర్లు తెలియవు. ఆఖరున ఎవరు పెరిగితే వాళ్లది. పక్షపాతం ఉండదు."

"తమ్ముడు పోయాడు బాబూ. మీ చేతిలో పుస్తకం ఆ క్యాంటీన్ కౌంటర్ మీద పెట్టీండి, సరిపోద్ది."

"ఒకరికి సడలిస్తే ఇంక మెషీన్ ఎందుకమ్మా?" అన్నాడాయన మెత్తగా.

ఆ మెత్తదనానికే ఆమెకు ఒళ్లు మండింది. కసిరి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. బోర్డు మీద నలభై సెకన్లున్నాయి.

"సరే బాబూ. చెయ్యి కడుక్కొస్తాను, ఇది కాస్త పట్టుకోండి."

పెద్దావిడ చాచిన ప్లేటు కాదనడం ఎలాగో ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఒక చేత్తో అందుకుని, రెండో చేత్తో పేజీ తిప్పాడు.

ఆమె లాంజ్ చివర కుళాయి దగ్గర నిలబడి, వేళ్ల సందులు కూడా తీరిగ్గా కడుక్కుంది. ఆయన చెప్పింది ఆమెకు శుభ్రంగా అర్థమైంది.

గంట మోగింది. బోర్డు పచ్చబడింది. "సీటు నంబర్ ఏడు టికెట్ రద్దయింది," అంది గోడలోని గొంతు.

ఏడో సీటు భుజంగరావుది. "ఇది నా ప్లేటు కాదు. ఆవిడది," అన్నాడు గోడతో. గోడ ఆ నంబరే మళ్లీ చెప్పింది. కాజాల ఆసామి ఆయన వంక చూడను కూడా లేదు. ఎనభై నాలుగు కిలోల చోటు ఖాళీ అయింది మరి. అందరూ ఒకరినొకరు తోసుకుంటూ క్యాంటీన్ కౌంటర్ మీద పడ్డారు. బయట రొయ్యల బండి అప్పుడే కదిలింది.

సింహాద్రమ్మ వచ్చి తడి చెయ్యి చాచింది.

"ప్లేటిలా ఇచ్చీండి బాబూ. రొయ్యలు వచ్చీలోగా తినీయాలి."